తొక్కితే సైకిలు, నడిపితే బండి: బ్యాటరీ సైకిలుతో విశాఖ, అరకు, పాడేరు నాలుగు రోజులు

తెలుగులో బండి నడుపుతారు, సైకిలు తొక్కుతారు. ఎలక్ట్రిక్ సైకిలు మీద పోవడం అసలు సైక్లింగ్ కిందికి వస్తుందా అని ఎవరైనా అడిగితే, ఆ మనిషి దాన్ని తొక్కాడా నడిపాడా అని చూస్తే చాలు. చిక్కేమిటంటే ఒకే సైకిలు మీద రెండూ చేయవచ్చు. పైగా మన దగ్గర బైక్ అంటే మోటారు సైకిలే కాబట్టి, ‘ఇ-బైక్’ అనగానే సగంమంది స్కూటీ లాంటిదేదో ఊహించుకుంటారు. అందుకే ఇక్కడ బ్యాటరీ సైకిలు అనే అందాం.

ఈ ప్రశ్న ఊళ్లో తేలదు. కొండ ఎక్కాలి. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అక్కడినుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు, అరకు నుంచి పాడేరు, పాడేరు ఘాట్ దిగి చోడవరం మీదుగా మళ్లీ విశాఖ. సుమారు 270 కిలోమీటర్లు, నాలుగు రోజులు. మైదానం, ఎక్కుడు, ఎగుడుదిగుడు, దిగుడు అన్నీ ఇందులో ఉన్నాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానల్లో ఘాట్ మీద రాళ్లు, మట్టి జారతాయి.

బయల్దేరే ముందు సైకిలును తెలుసుకోవాలి. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది వెనక చక్రం మధ్యనుండే హబ్‌లో 250 వాట్ల మోటారు, 36 వోల్టుల బ్యాటరీ, వెనక 7 గేర్లు ఉన్న రకం. బరువు 22 నుంచి 25 కిలోలు. బ్యాటరీ మీద 10.2 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే, దాన్ని 36తో గుణిస్తే 367 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి. 7.65 అని ఉంటే 275. ఈ యాత్రకు చిన్న బ్యాటరీ చాలదని కాదు, దానితో కాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగిపోతే మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కాదు, రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ అక్కర్లేదు. ఆ కట్టడి తీయించి 40 మీద పరిగెత్తిస్తే చట్టం దృష్టిలో అది సైకిలు కాదు, అప్పుడిక సైక్లింగ్ గురించి వాదించుకునే పనే లేదు.

సాయం అందే తీరు మూడు రకాలు. హ్యాండిల్ మీదున్న థ్రాటిల్ తిప్పితే పెడల్ తొక్కకపోయినా మోటారు లాగుతుంది. కేడెన్స్ సెన్సర్ ఉన్నదానిలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే లెక్క, ఎంత బలంగా తొక్కుతున్నారన్నది దానికి తెలియదు. టార్క్ సెన్సర్ ఉన్నదానిలో పెడల్ మీద కాలు ఎంత బలం పెడితే దానికి తగ్గ పాళ్లలోనే మోటారు బలం కలుస్తుంది, కాలు వదిలేస్తే అదీ వదిలేస్తుంది. ఖరీదైన వాటిలో ఈ టార్క్ సెన్సరు, పెడళ్ల మధ్యనే కూర్చున్న మిడ్ డ్రైవ్ మోటారు ఉంటాయి. మన రోడ్ల మీద కనిపించే వాటిలో కేడెన్స్ సెన్సరు, థ్రాటిల్ రెండూ కలిపి ఇచ్చినవే ఎక్కువ. కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ ఆ సైకిలుకే.

ఇంటి దగ్గరే చేయించుకోవాల్సిన మార్పు ఒకటుంది. ముందు పళ్ల చక్రం 42 పళ్లది, వెనక పెద్ద గేరు 28 పళ్లది అయితే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు 3.2 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కేటప్పుడు నిమిషానికి 50 చుట్లకు అటూ ఇటూగానే పడతాయి. అంత నెమ్మదిగా, అంత బరువుగా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. వెనక గేర్ల పళ్ల చక్రాల గుత్తిని, అంటే ఫ్రీవీలును, 14 నుంచి 34 పళ్ల దానితో మార్పిస్తే ఒక చుట్టుకు 2.7 మీటర్లకు దిగుతుంది, అదే వేగంలో నిమిషానికి 60కి పైగా చుట్లు పడతాయి. దానితోపాటు చైను రెండు మూడు లింకులు పొడుగు చేయాలి, వెనక గేర్లు మార్చే డిరైల్యూరు 34 పళ్లను అందుకోగలదో లేదో చూసుకోవాలి. బ్యాటరీ సైకిలుకు ఇంత తేలిక గేరు ఎందుకని షాపులో అనవచ్చు. ఈ ఘాట్ మీద మాత్రం అది అవసరం.

మొదటి రోజు: విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, సుమారు 55 కిలోమీటర్లు

పొద్దున్నే 5 గంటలకల్లా ఎన్ఏడీ జంక్షన్ దాటేయాలి. గోపాలపట్నం, పెందుర్తి దాకా ఊరి రద్దీ, లారీలు. కొత్తవలస దాటాక ఊపిరాడుతుంది. లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) చేరేసరికి దూరాన కొండల వరస కనిపిస్తుంది.

ఈ రోజు మోటారు ఆపేసి తొక్కాలి. నిష్ఠ కోసం చెప్పడం లేదు, లెక్క అలా ఉంది. మనిషి 68 కిలోలు, సైకిలు 24, సామాను 8, మొత్తం నూరు కిలోలు అనుకుందాం. చదునైన రోడ్డు మీద గంటకు 18 కిలోమీటర్ల వేగానికి టైర్ల రాపిడి, ఎదురయ్యే గాలి కలిపి కావాల్సింది సుమారు 80 వాట్లు. అలవాటున్న కాళ్లు దాన్ని గంటల తరబడి ఇవ్వగలవు. 250 వాట్ల చిన్న హబ్ మోటార్లలో లోపల పళ్ల చక్రాలు, ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటాయి కాబట్టి, కరెంటు ఆపేసినా మోటారు వెనక్కి లాగదు. సైకిలు బరువు తప్ప వేరే భారం తెలియదు. ఇక్కడ 7 నుంచి 10 కిలోల అదనపు బరువును తమ కాళ్లతో మోసినవాళ్లను సైక్లింగ్ చేయలేదని ఎవరనగలరు?

జంక్షన్ల దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు మాత్రం ఒకటో లెవెల్ సాయం వాడుకోవచ్చు. ఆగే ముందే గేరు తగ్గించుకోవాలి. కేడెన్స్ సెన్సరు సాయం పెడల్ తిరగడం మొదలయ్యాక కాస్త ఆలస్యంగా అందుతుంది, తొక్కడం ఆపాక ఒక క్షణం ఆలస్యంగా ఆగుతుంది. ముందున్న ఆటో ఠక్కున ఆగినప్పుడు ఆ క్షణం ప్రమాదం. బ్రేకు లివర్‌ను కొద్దిగా నొక్కితే చాలు, లివర్‌లో ఉన్న స్విచ్చు మోటారును వెంటనే ఆపేస్తుంది. రద్దీలో రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి.

ఆ స్విచ్చే ఒక్కోసారి కొంప ముంచుతుంది. సైకిలును గోడకు ఆనించినప్పుడో, సామాను సంచి తాడు తగులుకున్నప్పుడో లివరు పూర్తిగా వెనక్కి రాకపోతే, బ్రేకు వేసి ఉన్నట్టే, మోటారుకు కరెంటును అదుపు చేసే కంట్రోలరు అనుకుంటుంది. డిస్‌ప్లే వెలుగుతుంది, బ్యాటరీ నిండుగా చూపిస్తుంది, మోటారు మాత్రం తిరగదు. మెకానిక్‌ను వెతికే ముందు రెండు లివర్లనూ వేలితో బయటికి తోసి చూడాలి. అప్పటికీ తిరగకపోతే పెడల్ ఇరుసు దగ్గర చూడాలి. అక్కడ చిన్న అయస్కాంతాలు పొదిగిన బిళ్ల ఒకటి, దాని పక్కనే సెన్సరు ఉంటాయి. బిళ్ల పక్కకు జరిగినా, మధ్యలో బురద గడ్డ కట్టినా సెన్సరుకు పెడల్ తిరుగుతున్న సంగతి తెలియదు. రెండింటి మధ్య ఎడం 2, 3 మిల్లీమీటర్లు ఉండేట్టు జరిపి, గుడ్డతో తుడిస్తే సరి.

ఎస్.కోటలో రాత్రి బస. ఛార్జరు 42 వోల్టులు, 2 ఆంపియర్లది. అంటే గది గోడకున్న మామూలు సాకెట్‌కు ఒక పాత ఫ్యాను పాటి భారమే. ఖాళీ అయిన పెద్ద బ్యాటరీ నిండటానికి 5 నుంచి 6 గంటలు. ఈ రోజు మోటారు వాడలేదు కనుక గంటన్నరలో పచ్చలైటు వస్తుంది. బ్యాటరీని పరుపు మీద పెట్టి ఛార్జి చేయకూడదు, నేల మీద, చుట్టూ గాలి ఆడే చోట పెట్టాలి.

రెండో రోజు: శృంగవరపుకోట నుంచి అరకు, సుమారు 60 కిలోమీటర్లు

బౌడారా దాటాక రోడ్డు లేవడం మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట. ఈ ఘాట్‌లో అన్నిటికంటే ఎత్తు గాలికొండ దగ్గర. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తే కాబట్టి, గాలికొండ దాటాక కొంత దిగాలి. అదే కొండల్లో పక్కనే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం సొరంగాల్లోంచి ఎక్కుతుంది. దాని మీద శిమిలిగుడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన మార్గమది.

ఇప్పుడు అసలు లెక్క. నూరు కిలోలను 1000 మీటర్లు ఎత్తడానికి కావాల్సిన శక్తి 272 వాట్ అవర్లు. అరవై కిలోమీటర్ల టైరు రాపిడికి మరో 130. మొత్తం 400 వాట్ అవర్లు చక్రం దగ్గర అందాలి. బ్యాటరీ నుంచి చక్రానికి చేరేలోపు మోటారు, కంట్రోలరు వేడి కింద మూడో వంతు తినేస్తాయి, మరీ నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి 367లో 330 మాత్రమే వాడుకోదగ్గవి అనుకుంటే, చక్రానికి చేరేవి 210 నుంచి 220. మిగతా 180, 190 కాళ్లే ఇవ్వాలి. చిన్న బ్యాటరీ అయితే చక్రానికి 160 చేరతాయి, కాళ్ల వాటా 240. అంటే ఈ ఘాట్‌ను బ్యాటరీ ఒక్కటే ఎక్కించలేదు. సగం దారి సైక్లిస్టు ఎక్కాలి, ఎక్కి తీరాలి.

థ్రాటిల్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. నూరు మీటర్లకు 6 మీటర్లు లేచే వాలు మీద కంట్రోలరు 14 ఆంపియర్లు లాగుతుంది. అంటే సుమారు 500 వాట్లు (250 అన్నది మోటారు ఎక్కువసేపు ఇవ్వగల శక్తి, ఎక్కుడులో కాసేపు అంతకు మించి లాగుతుంది). ఆ లెక్కన 330 వాట్ అవర్లు 40 నిమిషాల్లో హరించుకుపోతాయి. అప్పటికి నడిచింది 10 కిలోమీటర్లు. అక్కడినుంచి 24 కిలోల సైకిలును ఎండలో తోసుకుంటూ పోవాలి. ఆ 10 కిలోమీటర్లనూ సైక్లింగ్ అనడానికి లేదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. కాళ్లు ఊరికే పెడల్ మీద ఉన్నాయి, అంతే. కేడెన్స్ సెన్సరుతోనూ ఇదే మోసం చేసుకోవచ్చు: అన్నిటికంటే తేలిక గేరులో పెట్టి, బలం పెట్టకుండా పెడళ్లు గాలిలో తిప్పినట్టు తిప్పితే మోటారే లాగుతుంది. చూసేవాళ్లకు తొక్కుతున్నట్టే ఉంటుంది. చైను మీద చూపు పెడితే తెలుస్తుంది, బలం పడని చైను పైవరస సన్నగా వణుకుతుంది, బలం పడ్డప్పుడు బిగిసిన తీగలా నిలుస్తుంది.

సరిగ్గా తొక్కే పద్ధతి ఇది. ఒకటో లెవెల్ లేదా రెండో లెవెల్ సాయం. పెడల్ నిమిషానికి 60 నుంచి 70 చుట్లు. చక్రం వేగం 10 కిలోమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి, ఎందుకంటే హబ్ మోటారు చక్రంతోపాటే తిరుగుతుంది, గేర్లతో దానికి సంబంధం లేదు. చక్రం 6, 7 కిలోమీటర్ల వేగానికి పడిపోతే లోపలికి పోయే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. హబ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. మూడు క్షణాలు చెయ్యి ఆన్చలేనంత వేడిగా ఉంటే ఆపి, నీడలో 20 నిమిషాలు వదిలేయాలి. వేడి హబ్ మీద నీళ్లు పోయకూడదు. లోపలి నైలాన్ పళ్ల చక్రాలు మెత్తబడి అరిగేది ఈ వేడికే. ఆ పళ్లు పోతే మోటారు గిర్రున తిరిగే చప్పుడు వస్తుంది, చక్రం కదలదు, ఘాట్ మీద దానికి మందు లేదు.

మిడ్ డ్రైవ్ మోటారు ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. అది గేర్ల గుండా పని చేస్తుంది కాబట్టి తేలిక గేరులో నెమ్మదిగా ఎక్కినా మోటారు తన వేగంలో తాను తిరుగుతుంది. కానీ ఆ బలమంతా చైను మీదే పడుతుంది. బలంగా తొక్కుతూ గేరు మార్చితే చైను తెగవచ్చు. గేరు మార్చే ముందు ఒక అరచుట్టు కాలు తేలిక చేయాలి, అదనపు చైను లింకు జేబులో ఉండాలి.

పక్కన మామూలు సైకిలు మీద వచ్చేవాళ్లుంటే పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. ఇద్దరి కాళ్లూ నూరు వాట్లే ఇస్తున్నాయనుకుందాం. 14 కిలోల మామూలు సైకిలు ఆ 6 శాతం వాలు మీద గంటకు 6 కిలోమీటర్లు ఎక్కుతుంది. బ్యాటరీ సైకిలుకు మోటారు మరో 95 వాట్లు కలిపితే పదిన్నర. గుండె వేగం, చెమట, ఆయాసం ఇద్దరికీ ఒకటే. తేడా అంతా సమయంలో. అలాంటి వాలు 20 కిలోమీటర్లు ఉంటే ఒకరికి 3 గంటల 20 నిమిషాలు, మరొకరికి రెండు గంటల లోపు. కాళ్లు చేసిన పని కొలిస్తే బ్యాటరీ సైకిలు మనిషిది మామూలు సైకిలు మనిషి పనిలో సగానికి కాస్త పైన. కాబట్టి ఇద్దరూ సమానమని చెప్పడం తప్పు, ఒకరు అసలు సైకిలే తొక్కలేదనడం అంతకంటే తప్పు.

ఐరోపాలో ఏడు నగరాల్లో చేసి 2019లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఈ సంగతినే మరో వైపు నుంచి చూపించింది. బ్యాటరీ సైకిళ్ల వాళ్లు ఒక్కో కిలోమీటరుకు తక్కువ కష్టపడినా, ఎక్కువ దూరాలు పోవడం వల్ల వారానికి అయ్యే వ్యాయామం మామూలు సైకిళ్ల వాళ్లకు దీటుగానే ఉంది. ఈ దారిలో దాన్ని ఎవరైనా సరి చూసుకోవచ్చు, ఏ పరికరమూ అక్కర్లేదు. ఎక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడి చూడాలి. మాట వస్తోంది గానీ పాట పాడలేకపోతున్నారంటే వ్యాయామం మధ్యస్థంగా జరుగుతున్నట్టు. పాట హాయిగా వస్తోందంటే సాయం ఒక లెవెల్ తగ్గించండి.

డముకు దగ్గర ఆగినప్పుడు బ్యాటరీ చూసుకోవాలి. ఎక్కుతూ ఉండగా డిస్‌ప్లే గీతలను నమ్మకూడదు. భారం పడ్డప్పుడు వోల్టేజి కుంగి ఒకటి రెండు గీతలు తక్కువ చూపిస్తుంది. ఆగి 5 నిమిషాలు పోయాక చూస్తేనే నిజం. వోల్టులు చూపించే డిస్‌ప్లే అయితే 42 నిండు, 37కు అటూ ఇటూ సగం, 31 దగ్గర బ్యాటరీ తనంతట తాను ఆగిపోతుంది. ఆగిపోయాక స్విచ్చు ఆపి వేస్తే మళ్లీ వంద మీటర్లు లాగుతుంది, ఆ పని చేయకండి. లోపలి సెల్స్‌కు జరిగే నష్టం అక్కడే మొదలవుతుంది.

బొర్రా గుహల దారి మెయిన్ రోడ్డు నుంచి చీలుతుంది. అటు పోతే తిరిగి మెయిన్ రోడ్డు ఎక్కడానికి అదనపు కరెంటు, అదనపు కాలిబలం కావాలి. చిన్న బ్యాటరీ ఉన్నవాళ్లు గుహలను ఈ రోజులో కలపకపోవడం మంచిది. నీళ్లు గంటకు అరలీటరుకు తగ్గకుండా తాగాలి, రెండు సీసాల్లో ఒకదానిలో ఓఆర్ఎస్ కలుపుకోవాలి. మోటారు ఉంది కదా అని తిండీ నీళ్లూ తగ్గించుకున్నవాళ్లకే గాలికొండ ముందు కాళ్లు పట్టేస్తాయి.

గాలికొండ మీద ఆగి కిందికి చూస్తే, వచ్చిన రోడ్డు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. సైకిలుకు గేర్లు ఉండటమే మోసమన్న రోజులూ ఉన్నాయి. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్ 1902లో, గేర్లు మార్చుకునే సైకిళ్లు నలభై ఐదేళ్లు దాటినవాళ్లకే తగినవన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ పోటీలో డిరైల్యూరు గేర్లను 1937లో గానీ ఒప్పుకోలేదు. ఈ రోజు 34 పళ్ల ఫ్రీవీలుతో ఈ ఘాట్ ఎక్కినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. అయినా గేరుకూ మోటారుకూ ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు: గేరు కొత్త బలాన్నేమీ కలపదు, ఉన్న బలాన్నే మలుస్తుంది. మోటారు బయటి బలాన్ని తెచ్చి కలుపుతుంది. అందుకే పోటీల్లో గీత గట్టిగా గీస్తారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే బ్రెవే అనే దూరపు రైడ్లకు మనిషి బలంతో నడిచే వాహనాలనే ఒప్పుకుంటారు. 2016లో బెల్జియంలో జరిగిన సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల సైకిలు పందెం) ప్రపంచ పోటీల్లో ఒక క్రీడాకారిణి సైకిలు ఫ్రేములో దాచిన మోటారు దొరికి, ఆమె మీద ఆరేళ్ల నిషేధం పడింది. మరోవైపు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యే 2019 నుంచి బ్యాటరీ మౌంటెన్ సైకిళ్లకు విడిగా ప్రపంచ పోటీలు పెడుతోంది. దాచిన మోటారుకు శిక్ష, అందరికీ తెలిసిన మోటారుకు వేరే పోటీ. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు కనిపించదు.

అరకు చేరగానే బ్యాటరీని ఛార్జింగుకు పెట్టకూడదు. ఘాట్ ఎక్కిన వేడి దిగడానికి గంట సేపు వదిలేయాలి. అయితే కరెంటు పోయే అవకాశం ఉంది కాబట్టి, రాత్రి పడుకునే ముందు పెడదాంలే అని వాయిదా వేయకుండా చల్లారగానే పెట్టేయాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి గట్టిగా ఉంటుంది. రాత్రంతా బయట సైకిలుకే ఉంచిన బ్యాటరీ పొద్దున దూరం తక్కువ ఇస్తుంది. తీసి గదిలో పెట్టుకోవాలి.

మూడో రోజు: అరకు నుంచి పాడేరు, సుమారు 45 కిలోమీటర్లు

పొద్దున తొందరేమీ లేదు. గిరిజన మ్యూజియం చూసి, కాఫీ తాగి బయల్దేరినా సరిపోతుంది. డుంబ్రిగూడ, చాపరాయి, హుకుంపేట మీదుగా రోడ్డు. ఇది రంపచోడవరం వైపు నుంచి విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారిలో భాగం.

దారి అంతా చిన్న చిన్న ఎక్కుళ్లు, చిన్న చిన్న దిగుళ్లు. ఎక్కుడులో ఒకటో లెవెల్, దిగుడులో సున్నా. నిన్నటి అలసట ఉన్నా కాళ్లు సహకరిస్తాయి. నలుగురు కలిసి పోతున్నప్పుడు ముందు మామూలు సైకిలు మనిషిని ఉంచి, ఆ వేగానికి వెనకవాళ్లు సాయం సర్దుకోవాలి. అరవై దాటిన తండ్రి, ఇరవై ఐదేళ్ల కొడుకు ఒకే వేగంతో పక్కపక్కన పోగలగడం ఈ మోటారు చేసిన అన్నిటికంటే మంచి పని. ఇంట్లో కూర్చునే మనిషిని కొండ మీదికి తీసుకొచ్చిన సాయాన్ని తక్కువ చేసి మాట్లాడటం మాకు నచ్చదు.

చాపరాయి దగ్గర రాతి మీద పారే నీళ్లలోకి సైకిలును దించవద్దు. మోటారు తీగ ఇరుసులోంచి బయటికి వస్తుంది, నీళ్లు లోపలికి పోయే సందు అదే. వాన చినుకులకు ఏమీ కాదు. హబ్ మునిగితేనే ముప్పు.

ఈ రోడ్డు మీద ఎక్కువగా వచ్చే తంటా వెనక చక్రం పంచరు. మామూలు సైకిలులా చక్రం ఊడదీయబోతే మోటారు తీగ అడ్డు వస్తుంది. అందుకని ముందు చక్రాన్ని తీయకుండానే ప్రయత్నించాలి: సైకిలును తలకిందులు చేసి, టైరులో మేకు ఎక్కడ దిగిందో కంటితో వెతికి, ఆ చోట ఒక వైపు మాత్రం టైరు అంచు తప్పించి, ట్యూబును అంతమేరకు బయటికి లాగి అక్కడే ప్యాచీ వేయాలి. చాలా పంచర్లు ఇలాగే అయిపోతాయి. ట్యూబు మార్చక తప్పకపోతేనే చక్రం తీయాలి. ముందు బ్యాటరీ ఊడదీయాలి. వెనక ఫ్రేము గొట్టం వెంబడి పోయే తీగకు ఉన్న కనెక్టరును తిప్పకుండా తిన్నగా లాగాలి. తర్వాత 18 నంబరు స్పానరుతో ఇరుసు నట్లు వదులు చేయాలి. నట్టు కింద కొక్కెం ఉన్న వాషరు ఒకటి ఉంటుంది, అది ఏ వైపుకు, ఎలా కూర్చుందో ఫోన్లో ఫొటో తీసుకోండి. మోటారు బలానికి ఇరుసు తనే తిరిగిపోకుండా పట్టి ఉంచేది ఆ వాషరే. దాన్ని తిరగేసి పెట్టినా, మరిచిపోయినా, మొదటి ఎక్కుడులోనే ఇరుసు గిర్రున తిరిగి తీగను తెంపుతుంది. బిగించేటప్పుడు కనెక్టరు మీద రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చాయో లేదో చూసి నొక్కాలి. గుర్తులు కలవకుండా బలవంతంగా నొక్కితే లోపలి పిన్నులు వంగుతాయి. ఆ తర్వాత మోటారు వణుకుతుంది గానీ తిరగదు. 18 స్పానరు రోడ్డు పక్క సైకిలు షాపులో దొరకకపోవచ్చు, వెంట ఉండాలి.

సాయంత్రం పాడేరులో వెనక చక్రం పుల్లలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నొక్కి చూడాలి. మోటారు లాగుడు, సామాను బరువు రెండూ వెనక చక్రం మీదే పడతాయి. ఒక పుల్ల వదులైతే పక్క పుల్ల మీద భారం పెరిగి అది తెగుతుంది. వదులైన దాన్ని పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు బిగించాలి, ఒకేసారి కాదు.

నాలుగో రోజు: పాడేరు నుంచి విశాఖపట్నం, సుమారు 110 కిలోమీటర్లు

పొగమంచు విడిచాక దిగడం మొదలుపెట్టాలి. మినుములూరు కాఫీ తోటలు, అమ్మవారి పాదాలు, ఘాట్ అడుగున గరికబంద. అమ్మవారి పాదాల దగ్గర బస్సులు, లారీలు ఆగుతాయి, అక్కడ సైకిళ్లూ ఆగాలి. మొక్కు సంగతి ఎవరిష్టం వాళ్లది, బ్రేకులు చల్లారాలి.

హబ్ మోటారు దిగుడులో కరెంటు తిరిగి పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. లోపల ఒకవైపు క్లచ్ ఉన్న మోటారు పుట్టించదు. నూరు కిలోల బరువు 800 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 218 వాట్ అవర్లు. గాలి, టైర్లు తినగా మిగిలిందంతా బ్రేకు డిస్కుల్లో వేడి అవుతుంది. 160 మిల్లీమీటర్ల పల్చటి డిస్కులు, తీగతో లాగే బ్రేకులు ఉన్న బరువైన సైకిలుకు ఇది పరీక్ష. బ్రేకును అదే పనిగా సగం నొక్కి ఉంచితే ప్యాడ్ల పైపొర అద్దంలా నునుపై పట్టు పోతుంది. మలుపు ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం దించాలి, మలుపులో వదిలేయాలి, తిన్నని చోట గాలి తగలనివ్వాలి. లివరు హ్యాండిల్ దగ్గరకు వచ్చేస్తోందంటే ప్యాడ్లు అరిగినట్టు. తీగ చివర ఉన్న గుండ్రటి సర్దుడు నట్టును ఒకటి రెండు చుట్లు బయటికి తిప్పితే లివరు మళ్లీ గట్టిపడుతుంది. బయల్దేరే ముందు కొత్త ప్యాడ్లు వేయించుకుని, ఒక జత వెంట ఉంచుకోవడం నయం.

దిగుడులో మోటారు ఆపి ఉంచాలి. 25 దాటితే ఎలాగూ సాయం అందదు, ఈలోపు పెడల్ పొరపాటున తిరిగితే మలుపులో ముందుకు తోస్తుంది.

గరికబంద దాటాక వేడి, చెరకు తోటలు, చోడవరం బెల్లం వాసన. ఇక్కడినుంచి సబ్బవరం మీదుగా విశాఖ దాకా చాలామటుకు మైదానమే. ఘాట్‌లో ఏమీ ఖర్చు కాలేదు కనుక బ్యాటరీ దాదాపు నిండుగా ఉంటుంది. ఉందని మొదటే వాడేయకండి. మధ్యాహ్నం ఎదురుగాలి లేచాక, కాళ్లు డీలా పడ్డాక, చివరి 40 కిలోమీటర్లలో అది అక్కరకు వస్తుంది. మొదటి రోజు మోటారు లేకుండా తొక్కిన వేగాన్ని గుర్తు పెట్టుకుని, ఈ రోజు సాయంతో కూడా అదే వేగం ఉంచితే కాళ్లకు విశ్రాంతి. వేగం పెంచుకుంటే గాలి అడ్డు పెరిగి బ్యాటరీ మీద భారం పడుతుంది.

ఇల్లు చేరాక ఇరుసు నట్లు మరోసారి బిగించి చూసి, చైను తుడిచి నూనె వేయాలి. వారం పైన తొక్కేది లేకపోతే బ్యాటరీని నిండుగానూ, ఖాళీగానూ వదలకూడదు. సగానికి కాస్త పైన, 37, 38 వోల్టుల దగ్గర ఆపి, ఎండ తగలని చోట పెట్టాలి. నెలకోసారి తీసి వోల్టులు చూసుకోవాలి.